ప్రెస్‌వాళ్లు ఫాంటు ఫైళ్లు కూడా పంపమంటున్నారు, పంపాలా?

తొలిపుట

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా తెస్తున్నాను. 288 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారం లెక్కన సరిగ్గా 18 ఫారాలు. ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లో నేనే కూర్చాను, ఎనిమిది నెలలు పట్టింది, ప్రూఫులు నాలుగుసార్లు చూశాం. అంతా అయిపోయిందనుకుని పీడీఎఫ్ పంపుతానని చెబితే ప్రెస్ నుంచి మెయిల్ వచ్చింది: "ఓపెన్ ఫైలు, అందులో వాడిన ఫాంట్లు అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి పంపండి" అని. ఓపెన్ ఫైలంటే దిద్దడానికి వీలున్న అసలు ఇన్‌డిజైన్ ఫైలు.

నా దగ్గర మూడు రకాల ఫాంట్లున్నాయి. లోపలి మాటరంతా మండలి, గూగుల్ ఫాంట్స్‌లో దించుకున్నది. వ్యాసాల శీర్షికలకి ఒక ఫాంటు డబ్బు పెట్టి కొన్నాను, లైసెన్సులో ఒక కంప్యూటర్‌కే అని ఉంది. ఇంగ్లీషు మాటలకీ, ఫుట్‌నోట్లలో పుస్తకాల పేర్లకీ అడోబి చందాతో వచ్చే అడోబి ఫాంట్స్‌లోది వాడాను. ఫైలూ ఫాంట్లూ ఒక ఫోల్డర్లోకి చేర్చే ప్యాకేజ్ కొట్టి చూస్తే మొదటి రెండూ ఫోల్డర్లోకి వచ్చాయి, మూడోది రానే లేదు.

పంపితే లైసెన్సు తప్పినట్టవుతుందా? పంపకపోతే అక్షరాలు మారిపోతాయా? నాన్నగారి పుస్తకం, ఒక్కసారే వేయగలను. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ప్లేటుగది

తొలిపుట గారూ, ప్రీప్రెస్‌లో, అంటే అచ్చుకి ముందు ఫైళ్లు సిద్ధంచేసి ప్లేట్లు తీసేచోట పనిచేస్తాను, రోజూ ఇలాంటి ఫైళ్లే చూస్తాను. ముందు వాళ్లకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "ఫాంట్లు ఎందుకు కావాలి?" దీనికి రెండే జవాబులుంటాయి. ఒకటి, అలవాటు. ఒకప్పుడు ఓపెన్ ఫైలు, ఫాంట్లు, బొమ్మలు కలిపి పంపడమే పద్ధతి, ఆ మెయిల్ అప్పటినుంచీ అలాగే కాపీ అవుతూ వస్తుంటుంది. రెండోది, ప్లేటు చేసేలోపు ఏదైనా దిద్దాల్సి వస్తే తామే దిద్దాలని.

మొదటిదైతే ఫాంట్లు పంపే అవసరమే లేదు. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయి, అంటే ఫైలు లోపలే ఉంటాయి, పేజీని అచ్చు చుక్కలుగా మార్చే మా రిప్ వాటినే తీసుకుంటుంది, మా సిస్టంలో ఆ ఫాంటు ఉందా లేదా అన్నది పట్టించుకోదు. పీడీఎఫ్/ఎక్స్ అనే ప్రమాణం అచ్చు పని కోసమే పుట్టింది. 2001 నాటి ఎక్స్-1ఏ అయినా, 2008 నాటి ఎక్స్-4 అయినా, వాడిన ప్రతి ఫాంటూ ఫైల్లో ఎంబెడ్ అయి తీరాలన్నది అందులోని నియమం. ఏది కావాలో ప్రెస్‌ని అడిగి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ ప్రీసెట్ ఎంచుకోండి.

రెండోదైతే వేరే సంగతి. అప్పుడు దిద్దేది మీరా వాళ్లా అని ముందే తేల్చుకోవాలి.

నల్లసిరా

తెలుగు పుస్తకానికి ఇది ఇంకా ముఖ్యం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక ఆకారం ఉంటే చాలావరకు పని నడిచిపోతుంది. మనకి అలా కాదు. "స్త్రీ" అని టైపు చేస్తే స, దాని కింద త వత్తు, ర వత్తు, పైన గుడి దీర్ఘం, ఇవన్నీ ఎక్కడ కూర్చోవాలో ఫాంటు లోపలి నియమాలూ, వాటిని చదివే సాఫ్ట్‌వేరూ కలిసి నిర్ణయిస్తాయి. పీడీఎఫ్ అయ్యేసరికి ఆ నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. ఏ ఆకారం, పేజీలో ఏ చోట అన్నది స్థిరపడిపోతుంది, రిప్ మళ్లీ వత్తులు పేర్చనక్కర్లేదు.

ఓపెన్ ఫైలు పంపితే ఆ నిర్ణయమంతా వాళ్ల కంప్యూటర్లో మళ్లీ మొదటినుంచీ జరుగుతుంది. అక్కడ ఇన్‌డిజైన్ వెర్షన్ పాతదైనా, అదే పేరుతో ఫాంటు ఇంకో వెర్షన్ ముందే ఎక్కించి ఉన్నా, మీరు చూసిన పేజీ వాళ్లకి రాదు.

నాకు జరిగిందే చెబుతాను. ఒక పుస్తకం ఓపెన్ ఫైలు ఇచ్చాను, ఫాంటు కూడా ఇచ్చాను. వాళ్ల సిస్టంలో ఆ ఫాంటు పాత వెర్షన్ ఉంది, పేరు ఒకటే కాబట్టి "ఉందిలే" అని నేనిచ్చినది ఎక్కించలేదు. పాత దానిలో కొన్ని అక్షరాల వెడల్పు వెంట్రుకవాసి తేడా. పైకి ఏమీ కనిపించలేదు. కానీ 61వ పేజీలో ఒక పేరా ఒక పంక్తి పెరిగింది, అక్కడినుంచి ప్రతి పేజీ అడుగు పంక్తీ పక్క పేజీకి జారింది. చివర పదసూచిక నేను చేత్తో వేసినది, అందులో పేజీ నంబర్లు సగం తప్పు. పుస్తకం బైండయి వచ్చాక చూసుకున్నాను. ఇంకెప్పుడూ ఓపెన్ ఫైలు అచ్చుకి ఇవ్వలేదు, పీడీఎఫే.

పుటలమారి

లైసెన్సు ప్రశ్నకి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ రెండు హక్కుల్ని కలిపేస్తారు. ఎంబెడ్ చేయడం వేరు, ఫైలు కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వడం వేరు. పుస్తకం పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసుకోనివ్వడం చాలా ఫాంట్లకి మామూలే. ఫాంటు ఫైలునే ప్రెస్‌కి ఇవ్వడానికి మాత్రం లైసెన్సు చదవాల్సిందే. కొన్నిటిలో "ఈ పని అచ్చు వేయడం కోసం మాత్రమే ప్రెస్‌కి కాపీ ఇవ్వొచ్చు, పని అయ్యాక వాళ్లు తీసేయాలి" అని ఉంటుంది. కొన్నిటిలో ప్రెస్ కూడా కొనుక్కోవాలని ఉంటుంది. కొన్నవాళ్లు ఆ కాగితం తెరిచి, ప్రింటర్ అన్న మాటో సర్వీస్ బ్యూరో అన్న మాటో ఎక్కడుందో వెతికితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

మీ మూడు ఫాంట్ల సంగతి:

మండలి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉంది. దాన్ని నిశ్చింతగా ఎవరికైనా ఇవ్వొచ్చు, లైసెన్సు పాఠం ఉన్న ఫైలు కూడా ఫాంటు పక్కనే పెట్టి ఇవ్వండి, ఆ లైసెన్సు అడిగేది అదే. ఆ ఫాంటుతో కూర్చిన పుస్తకం మీద ఆ లైసెన్సు వాలదు, కొంతమంది అనవసరంగా భయపడతారు.

కొన్న ఫాంటు: పైన చెప్పినట్టు కాగితం చదవండి. అర్థం కాకపోతే తయారుచేసినవాళ్లకి రెండు వాక్యాల మెయిల్ రాయండి. నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ మర్నాడే జవాబొచ్చింది, ఒకరు సరేనన్నారు, ఒకరు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వమన్నారు.

అడోబి ఫాంట్స్‌వి ప్యాకేజ్‌లోకి రాకపోవడం లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసి ప్రెస్‌కి ఇవ్వొచ్చు. ఓపెన్ ఫైలే ఇస్తే వాళ్లు తమ చందాతో అదే ఫాంటు తమ సిస్టంలో యాక్టివేట్ చేసుకోవాలి.

పాతకేసు

నేను పేజ్‌మేకర్ అనే పాత కూర్పు సాఫ్ట్‌వేర్ రోజులవాణ్ణి. ఫాంట్లు పంపడం ఎందుకు అలవాటైందో ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు, అందుకని.

అప్పట్లో పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంటు అంటే ఒక్క ఫైలు కాదు, రెండు. ఒకటి తెర మీద చూడడానికీ కొలతలకీ, ఇంకోటి అసలు అక్షరాల ఆకారాలున్నది. మొదటిదే పంపి రెండోది మర్చిపోతే తెర మీద అంతా సలక్షణంగా కనిపించేది, ఫిల్మ్ తీసేసరికి గరుకు గరుకుగానో కొరియర్ అక్షరాల్లోనో వచ్చేది. మ్యాక్ ఫాంట్లది ఇంకో కథ. వాటి అసలు సరుకంతా ఫైలుకి అంటుకుని ఉండే రిసోర్స్ ఫోర్క్ అనే భాగంలో ఉండేది. అలాగే విండోస్ డిస్కు మీదకి కాపీ చేస్తే ఫైలు పేరు ఉంటుంది, సైజు మాత్రం సున్నా. ప్యాక్ చేసి పంపాలని తెలిసేలోపు ఒక పత్రిక సంచిక రెండు రోజులు ఆలస్యమైంది నా చేతిలో.

ఇక తెలుగు ఫాంట్లు అప్పుడు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన అక్షరం ముక్కలు పెట్టి నడిపేవాళ్లం. ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అందుకే ఫాంట్లు లేకుండా ఫైలు తీసుకోవడానికి ఏ ప్రెస్సూ ఒప్పుకునేది కాదు. ఆ భయం న్యాయమైనదే.

ఇప్పటికీ ఆ పాత ఫాంట్లలో పుస్తకాలు చేసేవాళ్లున్నారు. వాళ్లకి చెప్పేది ఒకటే, అడోబి 2023 జనవరిలో తన సాఫ్ట్‌వేర్లలో టైప్ 1 ఫాంట్లకి మద్దతు ఆపేసింది. పాత ఫైళ్లు కొత్త ఇన్‌డిజైన్‌లో తెరిస్తే ఆ ఫాంట్లు లేవనే అంటుంది, అవి కంప్యూటర్లో ఉన్నా సరే. మళ్లీ అచ్చు వేయాలనుకునే పుస్తకాలుంటే పాత సిస్టం పనిచేస్తుండగానే మంచి పీడీఎఫ్‌లు తీసి పెట్టుకోండి.

మార్జిన్

ఇంత చర్చ ఎందుకు, అక్షరాలన్నీ అవుట్‌లైన్స్ చేసి, అంటే గీతల బొమ్మలుగా మార్చి పంపేస్తే సరిపోతుంది కదా? ఫాంటు అన్న మాటే ఉండదు. నేను పోస్టర్లకి ఎప్పుడూ అదే చేస్తాను.

ప్లేటుగది

పోస్టరుకి సరే మార్జిన్ గారూ. 288 పేజీల పుస్తకానికి వద్దు. ఇన్‌డిజైన్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్ కొడితే అక్షరాలు మాత్రమే గీతలవుతాయి. కింద గీత గీసిన మాటలకి ఆ గీత పోతుంది, పేరాకి పైనా కిందా పెట్టిన అడ్డగీతలు (రూల్స్) పోతాయి, తనంతట తాను వేసే బుల్లెట్లూ వరస నంబర్లూ పోతాయి. 288 పేజీల్లో ఎక్కడెక్కడ ఏది పోయిందో ఎవరు చూస్తారు?

ఇంకొకటి, ఫాంటుగా ఉన్నప్పుడు యంత్రం సన్నని గీతల్ని తగినట్టు సర్దుకుంటుంది. ఉత్త బొమ్మగా మారితే ఆ సర్దుబాటు ఉండదు. ప్లేటు 2400 డీపీఐలో తీస్తారు కాబట్టి అక్కడ తేడా కంటికి ఆనదు. కానీ తక్కువ కాపీలని డిజిటల్‌లో 600 డీపీఐ యంత్రం మీద వేస్తే 8 పాయింట్ల ఫుట్‌నోట్లు కాస్త లావెక్కుతాయి. "ఘ", "ఝ" లాంటివాటి లోపలి ఖాళీలు పూడిపోయినట్టుంటాయి. అదే ఫైలు ఫాంటుతో వేసి, అవుట్‌లైన్ చేసి వేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను, భూతద్దం లేకుండానే తెలిసింది.

అదీకాకుండా చివరి నిమిషంలో ఒక అక్షరం మార్చాలన్నా గతి లేదు. వెతకడానికి, కాపీ చేయడానికీ పనికిరాదు.

మార్జిన్

రూల్స్, నంబర్లు పోతాయన్నది తెలియదు. నా పోస్టర్లలో అవి ఉండవు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. కవర్ల వరకే ఉంచుకుంటాను.

తొలిపుట

అందరికీ చాలా థాంక్స్. ప్రెస్‌కి ఫోన్ చేశాను. ప్లేటుగది గారు చెప్పిన రెండోదే: "ఆఖర్న ఏమైనా తప్పులు కనిపిస్తే మేమే సరిచేస్తాం, మళ్లీ మీకు పంపి తిప్పించుకోవడం ఆలస్యం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ వాళ్లు దిద్దితే నాకు ఎలా తెలుస్తుంది?

ఇంకో సందేహం. ఎంబెడ్ అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? నా కంప్యూటర్లో పీడీఎఫ్ తెరిస్తే అన్నీ బాగానే కనిపిస్తున్నాయి.

నల్లసిరా

మీ కంప్యూటర్లో బాగా కనిపించడం పరీక్ష కాదండీ. ఆ ఫాంటు మీ సిస్టంలో ఉంది కాబట్టి ఎంబెడ్ కాకపోయినా అక్రోబాట్ అక్కడినుంచి తెచ్చుకుని చూపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

అక్రోబాట్‌లో ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అనో, ఎంబెడెడ్ సబ్‌సెట్ అనో ఉండాలి. ఏ పేరు పక్కనైనా ఆ మాట లేదంటే అదే దొంగ. సబ్‌సెట్ అని ఉంటే కంగారుపడకండి, పుస్తకంలో వాడిన అక్షరాలు మాత్రమే లోపల పెట్టిందని అర్థం, ఫాంటు మొత్తం మోయకుండా. అలాంటి ఫాంటు పేరు ముందు అసలు ఫైల్లో ఆరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలూ ఒక ప్లస్ గుర్తూ కనిపిస్తాయి, అదీ మామూలే.

ఇంకా గట్టిగా చూడాలంటే అక్రోబాట్ ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద యూజ్ లోకల్ ఫాంట్స్ అనేది ఉంటుంది. దాని టిక్ తీసేసి పేజీలు తిప్పండి. ఎంబెడ్ కానిది ఉంటే అక్కడ అక్షరం రూపం మారి కనిపిస్తుంది, లేదా చుక్కలు పడతాయి. ప్రెస్‌లో ఏం కనిపిస్తుందో దాదాపు అదే మీకు కనిపిస్తుంది.

గణితపుట

అక్రోబాట్ లేనివాళ్లకి: పాప్లర్ అనే ఉచిత పనిముట్లలో పీడీఎఫ్‌ఫాంట్స్ అని ఒక చిన్న కమాండ్ ఉంది. ఫైలు పేరిస్తే ఫాంట్ల పట్టిక ఇస్తుంది. అందులో ఎంబ్ అనే నిలువు వరసలో అన్నీ యెస్ అని ఉండాలి. సబ్ అంటే సబ్‌సెట్. యూని అన్నది వెతకడానికీ కాపీ చేయడానికీ సంబంధించింది, అచ్చుకి దానితో పని లేదు.

నేను లెక్కల పుస్తకాలు జీటెక్, లువాటెక్ అనే కూర్పు సాఫ్ట్‌వేర్లలో కూరుస్తాను. అవి ఫాంట్లు తమంతట తామే ఎంబెడ్ చేస్తాయి, పుస్తకం మాటర్లో ఎప్పుడూ సమస్య రాలేదు. వచ్చిందల్లా బొమ్మల దగ్గరే. ఒకసారి 40 గ్రాఫులున్న పుస్తకం పంపితే ఫాంటు లేదని తిప్పి పంపారు. ఏ ఫాంటని చూస్తే హెల్వెటికా. నేనెక్కడా వాడలేదు. మూడు గంటలు వెతికితే తేలిందేమిటంటే, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ గ్రాఫుని పీడీఎఫ్‌గా తీసినప్పుడు హెల్వెటికా పేరు మాత్రమే రాస్తుంది, ఫాంటు లోపల పెట్టదు. ఒకప్పుడు హెల్వెటికా, టైమ్స్, కొరియర్, రెండు గుర్తుల ఫాంట్లు, మొత్తం 14 ఫేసులు ప్రతి యంత్రంలోనూ ఉంటాయన్న భరోసాతో వాటిని ఎంబెడ్ చేయకుండా వదిలేసేవాళ్లు. ఆ అలవాటు ఇంకా మిగిలింది. దాన్ని ఎంబెడ్ చేయడానికి ఆర్‌లోనే ఒక ఫంక్షన్ ఉంది, అదయ్యాక పని జరిగింది.

గ్రాఫులకి పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అది మామూలుగా ఫాంటుని టైప్ 3 అనే రకంగా పెడుతుంది, కొందరు ప్రచురణకర్తలు దాన్ని ఒప్పుకోరు. సెట్టింగుల్లో పీడీఎఫ్ ఫాంట్‌టైప్ 42 అని పెడితే ట్రూటైప్‌గా వెళ్తుంది.

తొలిపుట గారూ, మీ పుస్తకంలో బయటినుంచి వచ్చిన బొమ్మలు, పటాలు, పట్టికలు ఏమైనా పీడీఎఫ్‌గా పెట్టారా? ముందు అవి చూడండి.

తొలిపుట

గణితపుట గారూ, మీరు నా పక్కన కూర్చుని చెప్పినట్టుంది. ఫాంట్స్ ట్యాబ్ తెరిచాను. మండలి, శీర్షికల ఫాంటు, ఇంగ్లీషు ఫాంటు అన్నీ ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉన్నాయి. వాటి కింద ఏరియల్ అని ఒకటుంది, పక్కన ఏమీ లేదు! నేను ఏరియల్ వాడలేదు. లోకల్ ఫాంట్స్ టిక్ తీసేసి ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోయాను. 174వ పేజీలో నాన్నగారి వంశవృక్షం ఉంది, అది మా పెదనాన్నగారి అబ్బాయి ఎప్పుడో వేసి పీడీఎఫ్‌గా పంపింది, అలాగే అతికించాను. అందులో పేర్లు తెలుగులోనే ఉన్నాయి, అవి బాగున్నాయి, పుట్టిన సంవత్సరాల అంకెలు మాత్రం ఏరియల్. టిక్ తీసేసరికి ఆ అంకెలు వెడల్పై ఒకదాన్నొకటి తాకుతున్నాయి. "1931" ఉన్నచోట చివరి 1 గీత మీదకెక్కింది.

ఇన్‌డిజైన్ దీన్ని ఎందుకు సరిచేయలేదు, ఏరియల్ నా సిస్టంలో ఉంది కదా?

ప్లేటుగది

లోపల పెట్టిన పీడీఎఫ్‌ను అది విప్పి మళ్లీ కూర్చదు, ఉన్నదున్నట్టు దాటిస్తుంది. అసలు ఫైలు ఎవరి దగ్గరుందో వాళ్లతోనే ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా మళ్లీ పీడీఎఫ్ తీయించండి. లేదా 20, 30 పేర్లే అయితే మీరే ఇన్‌డిజైన్‌లో మళ్లీ గీయండి, మీ పుస్తకం ఫాంటులోనే ఉంటుంది, అందంగానూ ఉంటుంది. ఆ ఒక్క పేజీలో బొమ్మని మాత్రం అవుట్‌లైన్స్ చేసినా తప్పు లేదు, మార్జిన్ గారి పద్ధతి అక్కడ పనికొస్తుంది.

ఆ వంశవృక్షంలో నలుపు కూడా చూడండి. వర్డ్‌లోనో అలాంటి వేరే దానిలోనో చేసింది అయితే నలుపు ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతిలో) ఉంటుంది, మార్చేటప్పుడు నాలుగు రంగుల కలయిక అయిపోతుంది. ఒక్క రంగు పుస్తకంలో అది బూడిదగా రావొచ్చు. అక్రోబాట్ అవుట్‌పుట్ ప్రివ్యూలో నలుపు ఒక్కటే ఉంచి మిగిలిన మూడు రంగులూ ఆపేసి చూస్తే తెలుస్తుంది.

పుటలమారి

వాళ్లు దిద్దితే ఎలా తెలుస్తుందన్నారు కదా. నా మాట: దిద్దనివ్వకండి. మీరే దిద్ది, మారిన పేజీల పీడీఎఫ్ మాత్రం పంపుతానని చెప్పండి. ఫైలు పేరులో పేజీ నంబరూ తేదీ పెట్టండి. ప్రెస్‌వాళ్లకి పాత పేజీ తీసి కొత్తది పెట్టడం రెండు నిమిషాల పని. ప్రెస్‌లో ఎవరైనా మంచికే అనుకుని అక్రోబాట్‌లో పీడీఎఫ్ తెలుగు మాటని నేరుగా దిద్దబోతే వత్తులు విడిపోతాయి, ఇంతకుముందు నల్లసిరా గారు చెప్పిన ఆ నిర్ణయం అక్కడ మళ్లీ సరిగ్గా జరగదు.

ప్లేటుగది

దీనితో నూటికి నూరుపాళ్లు ఒప్పుకోను. రాత్రి పదకొండింటికి ప్లేటు వేస్తుంటే పేజీ నంబరు తప్పు కనిపిస్తే, కూర్చినవాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి? యంత్రం ఖాళీగా నిలబెట్టలేం. ఓపెన్ ఫైలు అడిగే ప్రెస్సులన్నీ పాతకాలంలో ఉన్నాయనుకోవద్దు, చాలాసార్లు అది పుస్తకాన్ని కాపాడింది. నేనే ఒకసారి లోపలి టైటిల్ పేజీలో రచయిత ఇంటిపేరు తప్పుంటే ఓపెన్ ఫైలు ఉండబట్టి దిద్ది, ఫోటో తీసి పంపి, సరేనన్నాకే ప్లేటు వేశాను.

నేను చెప్పేదేమిటంటే, అచ్చు పీడీఎఫ్‌తోనే జరగాలి, ఓపెన్ ఫైలు అత్యవసరానికి మాత్రం పక్కన ఉండొచ్చు, దాన్ని తాకేముందు మీకు ఫోన్ చేయాలి, దిద్దిన పేజీ మీరు చూసి ఒప్పుకోవాలి. ఇది ఆర్డర్ ఇచ్చేటప్పుడే మెయిల్‌లో రాసుకోండి.

నల్లసిరా

ప్యాకేజ్ ఇస్తే ఆ ఫోల్డర్లో డాక్యుమెంట్ ఫాంట్స్ అని ఒకటి ఉంటుంది. ఇన్‌డిజైన్ ఫైలు దాని పక్కనే ఉన్నంతసేపు ఆ ఫాంట్లని అక్కడినుంచే తీసుకుంటుంది, సిస్టంలో ఎక్కించనక్కర్లేదు. ఫైలు ఒక్కటే లాగి డెస్క్‌టాప్ మీద పెట్టుకుని తెరవొద్దని ప్రెస్‌కి చెప్పండి. నా 61వ పేజీ కథ అలా తప్పించుకోవచ్చు.

కొత్తకలం

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నేను వర్డ్‌లో కథల పుస్తకం చేశాను. ఫాంటు మండలే. కొన్ని మాటలు బోల్డ్ చేశాను, అవి మసకగా లావుగా వస్తున్నాయి. ఇది ఫాంటు ఎంబెడ్ కాకపోవడం వల్లా?

నల్లసిరా

కాదు. మండలికి ఒక్క రెగ్యులరే ఉంది, బోల్డ్ లేదు. మీరు బీ నొక్కితే వర్డ్ ఉన్న అక్షరాన్నే కాస్త ఉబ్బించి బోల్డ్‌లా చూపిస్తుంది. ఇన్‌డిజైన్ అలా చేయదు, ఆ ఫాంటుకి బోల్డ్ లేదని గులాబీ రంగు పూసి చూపిస్తుంది. నిజమైన బోల్డ్ కావాలంటే పలు మందాలున్న ఫాంటు తీసుకోండి, నోటో సెరిఫ్ తెలుగు ఉంది, సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది మెట్లు. అది వేరియబుల్ ఫాంటుగా, అంటే మందాలన్నీ ఒకే ఫైల్లో ఉండేలా కూడా దొరుకుతుంది. కానీ పీడీఎఫ్‌లో వేరియబుల్ ఫాంటు అనేది లేదు, సాఫ్ట్‌వేర్ మీరు వాడిన మందాన్ని స్థిరంగా చేసి పెట్టాలి, ఆ పని అన్నీ ఒకేలా చేయవు. పుస్తకానికి విడివిడి ఫైళ్లే మేలు.

వర్డ్‌లో ఆప్షన్స్, సేవ్ కింద ఫాంట్లు ఫైల్లో ఎంబెడ్ చేయమనే టిక్ ఉంటుంది. అది డాక్యుమెంటు పంచుకోవడానికి. ప్రెస్‌కి మాత్రం పీడీఎఫే ఇవ్వండి. విండోస్‌లో ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో చూస్తే ఎంబెడ్ చేయడానికి ఆ ఫాంటు ఎంతవరకు ఒప్పుకుంటుందో ఉంటుంది. రెస్ట్రిక్టెడ్ అని ఉంటే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని లోపల పెట్టవు, పుస్తకం మొదలుపెట్టకముందే ఇది చూసుకుంటే నెలల శ్రమ మిగులుతుంది.

కొత్తకలం

ఇవాళే మారుస్తాను. బోల్డ్ మాటలు ఓ 30 ఉంటాయి, కొన్నిటికి అసలు బోల్డే అక్కర్లేదనిపిస్తోంది.

తొలిపుట

వారం తర్వాత వస్తున్నాను, చెప్పాల్సినవి ఉన్నాయి.

వంశవృక్షం నేనే మళ్లీ గీశాను. 26 పేర్లు, ఒక సాయంత్రం పట్టింది. గీస్తుంటే పాత దానిలో మా మేనత్త పుట్టిన సంవత్సరం తప్పుందని కూడా బయటపడింది, అమ్మని అడిగి దిద్దాను.

శీర్షికల ఫాంటు చేసినవాళ్లకి మెయిల్ రాశాను. పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసుకోవచ్చు, ఫాంటు ఫైలు బయటికి ఇవ్వొద్దన్నారు. అందుకని ప్రెస్‌కి ఎక్స్-4 పీడీఎఫ్ ఇచ్చాను, పక్కన ప్యాకేజ్ కూడా ఇచ్చాను కానీ అందులోంచి ఆ ఫాంటు తీసేశాను. 22 వ్యాసాల శీర్షికల్ని మాత్రం ఆ కాపీలో అవుట్‌లైన్స్ చేసి పెట్టాను, వాటికి రూల్స్, నంబర్లు లేవని ముందు చూసుకున్నాను. మండలితో పాటు దాని లైసెన్సు ఫైలు పెట్టాను. ఇంగ్లీషు ఫాంటు వాళ్ల చందాలో ఉందన్నారు. ప్లేటుగది గారు చెప్పిన షరతులన్నీ మెయిల్‌లో రాస్తే ప్రెస్ యజమాని "ఇలా రాసిస్తే మాకూ హాయి" అని జవాబిచ్చారు.

నిన్న ప్రూఫ్ ఫారం వచ్చింది. 174వ పేజీ ముందు తెరిచాను. నాన్నగారి పేరు కింద 1931, ఎంత స్పష్టంగా ఉందో. తర్వాత "జ్ఞాపకం" అన్న మాట ఎక్కడెక్కడుందో అన్నీ చూశాను, జ కింద ఞ వత్తు ఒక్కచోట కూడా పక్కకి జరగలేదు.

ప్లేటుగది

సంతోషం. కవర్ పీడీఎఫ్ వేరేగా ఇచ్చి ఉంటారు కదా, దానిలో ఫాంట్లు చూశారా? లోపలి పేజీలన్నీ చూసి కవర్ వదిలేసేవాళ్లు చాలామంది.

తొలిపుట

వదిలేశాను! కవర్ వేరే ఆయన చేసిచ్చారు. మీరు అడిగాక ఇప్పుడే తెరిచి చూశాను, అన్నీ ఎంబెడెడ్ సబ్‌సెట్, వెన్ను మీది పేరు మాత్రం అవుట్‌లైన్స్. పేరు అక్షరం అక్షరం చదివాను, సరిగ్గానే ఉంది. ఇప్పుడు ప్రెస్‌కి "వేయండి" అని మెయిల్ పెడుతున్నాను.